చందా డబ్బు ఎఫ్‌డీలో వద్దు, పుస్తకాలు కొనేయండి

ప్రశ్న: మా అబ్బాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. క్లాసులో 42 మంది. పిల్లలతో నవలలు చదివిద్దామని తెలుగు టీచర్ అంటే, తల్లిదండ్రులం, కొందరు పూర్వ విద్యార్థులు కలిసి 38,000 రూపాయలు పోగుచేశాం. డబ్బు నా ఖాతాలోనే ఉంది. ఎఫ్‌డీ వేసి ఏటా వడ్డీతో పుస్తకాలు కొందామని కొందరంటున్నారు. ఇచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆదాయపన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మా ఊరాయన 500 డాలర్లు పంపుతానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఎఫ్‌డీ మాట తేల్చేద్దాం. శాశ్వత అన్నదానం పథకంలా అసలు కదపకుండా వడ్డీతోనే నడపాలని మనవాళ్లకు ఒక ఇష్టం. నిధి లక్షల్లో ఉంటే సరే. మీ 38,000 మీద ఆరున్నర శాతం వడ్డీ వచ్చిందనుకున్నా ఏడాదికి 2,470 రూపాయలు. 150 రూపాయల నవల డిస్కౌంట్ పోను 120కి దొరికితే 20 కాపీలు. సగం క్లాసుకు కూడా చాలవు. ఇప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్లలు మూడేళ్లలో స్కూలే వదిలేస్తారు. డబ్బిచ్చిన తల్లిదండ్రులు తమ పిల్లలు చదవాలనే ఇచ్చారు గానీ, బ్యాంకులో అంకె చూసుకోవడానికి కాదు.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. ఒకే నవల 42 కాపీలు కొనే బదులు నాలుగు నవలలు తలా 21 కాపీలు తీసుకోండి, బెంచీకి ఇద్దరు కలిసి చదువుకుంటారు. ఎవరి కాపీ వాళ్లకుండాలని టీచర్ అంటే మాత్రం ఆవిడ మాటే వినండి. మొత్తం 84 పుస్తకాలు, సుమారు 10,000. అట్టలకు మరో వెయ్యి. వచ్చే ఏడాది కొత్తగా వచ్చే ఎనిమిదో తరగతికి ఇవే పుస్తకాలు పనికొస్తాయి. అప్పుడు చిరిగినవి, పోయినవి మార్చడానికి వెయ్యి, ఇంకో రెండు కొత్త నవలలకు 5,000 చాలు. ఇలా నడిపితే ఉన్న డబ్బే అయిదేళ్లు వస్తుంది. పుస్తకాలు పోతాయని భయపడి బీరువాలో పెట్టి తాళం వేయకండి. పదో వంతు పోయినా లెక్కలో పట్టేలాగే పైన రాశాను.

కొనేముందు హెచ్‌ఎం గారిని ఒక మాట అడగండి. ప్రభుత్వ బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. ఆ డబ్బుతో సాధారణంగా రకరకాల పుస్తకాలు ఒక్కో కాపీ వస్తాయి. మీ చందా ఒకే పుస్తకం ఎక్కువ కాపీలకు పెడితే రెండూ తగువు లేకుండా సాగుతాయి. ప్రచురణకర్తలతో నేరుగా మాట్లాడండి, బడి కోసమని చెప్పి మొహమాటపడకుండా డిస్కౌంట్ అడగండి. ముద్రించిన పుస్తకాలకు జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే తీసేయించండి. తపాలా శాఖ 2025 మేలో పుస్తకాల కోసమే జ్ఞాన్ పోస్ట్ తెచ్చింది. మొదలుపెట్టినప్పుడు అయిదు కిలోల పార్సిల్‌కు 100 రూపాయలు, పైన పన్ను.

ఇక నాకు టెన్షన్ పెట్టిన విషయం: డబ్బు మీ సొంత ఖాతాలో ఉండటం. మీ నిజాయితీ మీద అనుమానం కాదు. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఊరికే వచ్చిన డబ్బు 50,000 దాటితే మొత్తాన్నీ ఆదాయంగా చూస్తారు. ఆ 500 డాలర్లు కూడా మీ ఖాతాలోకే వస్తే ఆ గీత దాటేస్తారు. అది నా డబ్బు కాదు, బడిదని రుజువు చేసుకోవాల్సింది మీరే. చెప్పకూడదు గానీ, రేపు మీకేదైనా అయితే ఆ డబ్బు బడిదని బ్యాంకుకు తెలియదు.

బడి కమిటీ ఖాతాలోకి విరాళాలు తీసుకోవచ్చా అని హెచ్‌ఎం గారినే అడగండి. అది కేవలం ప్రభుత్వ గ్రాంట్ల ఖాతా అయితే దాంట్లో కలపొద్దు, తర్వాత విడదీయడం తలనొప్పి. అలాంటప్పుడు ఇద్దరు తల్లిదండ్రుల పేర జాయింట్ సేవింగ్స్ ఖాతా తెరవండి. ఎవరో ఒకరు సంతకం పెడితే చాలనేది కాకుండా, ఇద్దరూ పెట్టాల్సిందేననే షరతుతో. కమిటీలో తీర్మానం రాసి మినిట్స్ పుస్తకంలో సంతకాలు తీసుకోండి. జమాఖర్చు, బిల్లుల ఫొటోలు మూడు నెలలకోసారి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఎవరెంత ఇచ్చారన్నది మాత్రం పెట్టకండి. కూలికి వెళ్లే తల్లి 50 రూపాయలిచ్చి ఉంటుంది, కొందరు ఏమీ ఇవ్వలేకపోయి ఉంటారు. వాళ్ల పిల్లలూ అవే బెంచీల మీద కూర్చుంటారు.

80జీ రసీదు మీరు ఇవ్వలేరు. అందుకు సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ అయి, ఆదాయపన్ను శాఖ ఆమోదం పొంది, ఏటా దాతల వివరాలు దాఖలు చేసి, ఒక్కొక్కరికీ విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంతా చేస్తే దాతకు మిగిలేదెంత? వెయ్యి ఇచ్చినాయనకు సాధారణంగా అందులో సగానికే మినహాయింపు. 20 శాతం శ్లాబులో ఉంటే ఆదా అయ్యేది సుమారు 100 రూపాయలు. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. ఆడిటర్ ఫీజుకు పోయే డబ్బుతో ఇంకో సెట్టు నవలలు వస్తాయి. అడిగినవాళ్లకు ఇదే చెప్పండి, మామూలు రసీదు ఇవ్వండి.

అమెరికా ఆయన్ని ఒకటే అడగండి: పాస్‌పోర్ట్ ఏ దేశానిది? ఇండియాదే అయితే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బును విదేశీ విరాళంగా లెక్కించరు. కొత్త జాయింట్ ఖాతా తెరిచాక అందులోకి తీసుకోండి. అమెరికా పౌరసత్వం వచ్చేసి ఉంటే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేకుండా మీ బృందం తీసుకోకూడదు. డబ్బుకు బదులు పుస్తకాలు కొని పంపుతానన్నా అదే లెక్క. ఆ రిజిస్ట్రేషన్ ఉండి బడులకు పుస్తకాలిచ్చే సంస్థకు ఆయన ఇచ్చి, మీ బడి పేరు చెప్పడం ఒక దారి. వేరేవాళ్ల ఖాతాలోంచి తిప్పి పంపుతామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి.