మూడో భాగం ముందు చేతికొస్తే

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతండి. రాజమండ్రి పాత పుస్తకాల కొట్లో హ్యారీ పోటర్ మూడో భాగం దొరికితే తెచ్చుకుని సగం చదివేశాడు. మొదటి రెండూ మా దగ్గర లేవు. అవి దొరికేదాకా ఆపించమంటారా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆపించకండి. సగంలో ఉన్న పుస్తకం లాక్కుంటే పిల్లాడు మళ్లీ ఆ వైపు చూడడు. మొదటి మూడు భాగాల్లో ఒక్కోదానిలో ఒక్కో స్కూలు సంవత్సరం, ఒక్కో చిక్కుముడి. ఆ ముడి ఆ పుస్తకంలోనే విడిపోతుంది. జైలు నుంచి తప్పించుకున్నవాడు ఎందుకొచ్చాడన్న మలుపు పూర్తిగా మూడో భాగం సొంతం కాబట్టి అందులో మీవాడు పోగొట్టుకునేది తక్కువే. నష్టమంతా వెనకవాటికి. వాటిలోని గుట్టు కొంత ముందే తెలిసిపోతుంది, ఆ మాయాలోకాన్ని హ్యారీతోపాటు తొలిసారి చూసే అబ్బురమూ తగ్గుతుంది.

మూడోది అయ్యాక ఒకటి, రెండు చదివించి, ఆ తర్వాతే నాలుగు ఇవ్వండి. బ్రిటిష్ ముద్రణలో మొదటిది 223 పేజీలు, రెండోది 251. దసరా సెలవులు చాలు. నాలుగోది 636 పేజీలు. దాని చివరి నుంచి కథ ఎక్కడా తెగదు, అక్కణ్ణుంచి వరస తప్పనివ్వకండి.

తెలియని పేరు తగిలితే చీటీ మీద రాసుకుని ముందుకు పొమ్మనండి. నెట్‌లో వెతికితే ఆ పాత్ర బతికుందో పోయిందో మొదటి వాక్యంలోనే చెప్పేస్తారు.

ప్రశ్న: నార్నియా అనే మాయాలోకం కథల ఏడు పుస్తకాల సెట్టు కొన్నాం. 1 అంకె ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’ మీద ఉంది. మా పెద్దమ్మాయేమో 2 అంకె ఉన్నదాంతో మొదలెట్టాలంటోంది. ఏది సరైనదండి?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: అమ్మాయి మాటే వినండి. ఆ అంకెలు కథలో జరిగిన కాలాన్ని బట్టి వేసినవి. 2 అంకె ఉన్న ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’ 1950లో అన్నిటికంటే ముందు వచ్చింది. ‘మెజీషియన్స్ నెఫ్యూ’ ఆరోది, 1955లో. 1957లో ఒక కుర్రాడికి రాసిన ఉత్తరంలో రచయిత లూయిస్ కథాకాలం వరసకే మొగ్గు చూపాడు, ఏ వరసలో చదివినా పెద్ద తేడా ఉండదేమో అని కూడా అన్నాడు. అయినా మా ఓటు 1950కే.

ఎందుకంటారా? 1950 పుస్తకంలో, మంచు కురిసే అడవిలో, చుట్టూ చెట్లే ఉన్నచోట, ఒక వీధిదీపం వెలుగుతూ కనిపిస్తుంది. అదక్కడికి ఎలా వచ్చిందో చెప్పేది ఆరో పుస్తకం. జవాబు ముందే తెలిసినవాడికి ప్రశ్నే పుట్టదు. అస్లాన్ అనే పాత్ర పేరు తొలిసారి వినబడినప్పుడు, ఆయనెవరో మీకు తెలియనట్టే కథలోని పిల్లలకూ తెలియదని రచయిత నేరుగా పాఠకుడితోనే అంటాడు. అంకెల ప్రకారం వెళ్లినవాడి విషయంలో ఆ మాట అబద్ధమైపోతుంది.

అట్ట మీది అంకె వదిలేసి, లోపల కాపీరైట్ పేజీలో తొలి ముద్రణ ఏడాది చూసి పేర్చుకోండి. 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి వచ్చాయి, తికమక ఉండదు.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయంలో ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రెండో సంపుటమే ఉంది. చదవొచ్చా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: వద్దు. అది మూడు నవలల వరస కాదు, ఒకే నవల. 1954-55లో మూడు సంపుటాలుగా అచ్చేశారు. రెండోది వెతుకులాట మధ్యలో మొదలవుతుంది. కొన్ని ముద్రణల్లో ‘జరిగిన కథ’ ఉంటుంది గానీ, మొదటి సంపుటమంతా కూడగట్టిన స్నేహాలు రెండు పేజీల్లో రావు. ఈలోగా అదే రచయిత టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ (1937) దొరికితే చదవండి, అది విడి కథ. ఆ లోకపు పాత పురాణగాథల పుస్తకం ‘ది సిల్మరిలియన్’ (1977) మాత్రం ముందు ముట్టుకోవద్దు.

ఏది దొరికితే అది చదవాలనుకుంటే టెర్రీ ప్రాచెట్ రాసిన హాస్య మాయాలోకం కథలు, డిస్క్‌వరల్డ్ ఉంది. 41 నవలలు, చాలావరకు బేతాళ కథల్లా దేనికదే. నగర పోలీసుల కథ ‘గార్డ్స్! గార్డ్స్!’ (1989)తో మొదలెట్టండి. కాకపోతే ఆ పోలీసుల కథలు వరుసగానే చదవాలి, ఒక పుస్తకానికీ ఇంకోదానికీ మధ్య వాళ్ల హోదాలూ కాపురాలూ మారిపోతుంటాయి.