మూడు నెలల్లో కొత్తగా రాసేస్తానన్న మేనల్లుడికి

ఒరేయ్ నాన్నా,

నువ్వు టీమ్ లీడ్ అయ్యావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! ఆ వెంటనే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం ఏఐతో మూడు నెలల్లో కొత్తగా రాసేస్తావట అన్నాడు. ఇక నాకు నిద్రెక్కడిది?

టెస్టులు రాయి, బ్యాకప్ తీసుకో, పాస్‌వర్డులు కోడ్‌లో పెట్టకు. ఇవి నీకు నేను చెప్పాలా.

ఏఐతో కోడ్ రాయించాలా వద్దా అని మీవాళ్లు కొట్టుకుంటున్నారు. 2025లో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ, ఏఐ రాసిన కోడ్‌ని పెద్దగా చూడకుండానే వాడేయడానికి వైబ్ కోడింగ్ అని పేరు పెట్టాక ఆ గొడవ ఇంకా ముదిరింది. రాయించుకో, నేనూ రాయిస్తున్నా. మన పనిలో రాయడం ఎప్పుడూ తేలికేరా. పాతదాంట్లో ఏది ఎందుకుందో తెలియకుండా కొత్తది ఎక్కిస్తామే, కొంపలు మునిగేది అక్కడ.

నైట్ క్యాపిటల్ సంగతి నీకు తెలుసో లేదో. అమెరికా షేర్ మార్కెట్లో పెద్ద ట్రేడింగ్ కంపెనీ. 2012 ఆగస్టు 1 కోసం ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ ఎక్కించాలి. ఏడింటిలోనే ఎక్కించారు. ఇంకో మనిషి సరిచూడలేదు. ఆ ఎనిమిదో దాంట్లో పవర్ పెగ్ అనే పాత కోడ్ ఉండిపోయింది. 2003లోనే దాన్ని వాడటం మానేశారు, కానీ తీసేయలేదు. పైగా దాని ఫ్లాగ్‌నే, అంటే దాన్ని ఆన్ చేసే స్విచ్ లాంటిదాన్నే, కొత్త పనికి వాడుకున్నారు! తొమ్మిదిన్నరకి మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్లో పాత కోడ్ లేచింది. కొనాల్సినన్ని షేర్లు కొనేశామా అని లెక్క చూసే భాగాన్ని 2005లోనే వేరే చోటికి మార్చారు కాబట్టి దానికి ఆగడం తెలియదు. ఆర్డర్లు పంపుతూనే ఉంది.

కంగారులో ఏం చేశారో చూడు. తప్పు కొత్త కోడ్‌లో ఉందనుకుని, బాగా పనిచేస్తున్న ఏడు సర్వర్లలోంచీ దాన్ని తీసేశారు. దాంతో అవి కూడా పాత పాటే అందుకున్నాయి. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లు పోయాయి. మార్కెట్ తెరవకముందే సిస్టమ్ పవర్ పెగ్ పేరుతో సహా 97 మెయిల్స్ పంపింది. ఒక్కరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాదికి ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

అందుకే పాత కోడ్ ముట్టుకోకు అనడం లేదు. వాళ్లు సమయానికి తీసేసి ఉంటే ఈ గొడవే లేదు. తెలుసుకుని తియ్యి అంటున్నా. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని భయపడ్డ ఆ వైటూకే రోజుల్లో మేం కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాములు తిరగేసేటప్పుడు ఏడో కాలమ్‌లో నక్షత్రం గుర్తు ఉన్న లైన్లు ముందు చదివేవాళ్లం. అవి కామెంట్లు. ఫలానా బ్రాంచికి నెలాఖరులో పైసలు రౌండ్ చేయొద్దు అని ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన ముక్క ఒకటి దొరికితే చాలు, మాకు ఆ పూట పండగే. నీ కోడ్‌లో అలాంటివి లేకపోతే మీ అకౌంట్స్‌లో అందరికంటే పాతవాళ్లెవరో కనుక్కుని, టీ ఇప్పించి అడుగు. కోడ్ ఏం చేస్తుందో ఏఐ చెప్తుంది, కానీ ఆ రౌండింగ్ ఏ కస్టమర్ గొడవ పెట్టుకున్నాడని వచ్చిందో దానికేం తెలుసు పాపం?

ఒక్కసారిగా మార్చకు. ముందు ఒక్క రకం బిల్లుకే కొత్తది పెట్టు. ఒక నెలాఖరు మొత్తం పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి, బిల్లులు పైసలతో సహా సరిచూడు. మీ మేనేజర్ ఆలస్యం అంటాడు. అననీ.

ఇంకోటి. దసరా సెలవుల ముందు శుక్రవారం రాత్రి మారుస్తారట కదా. బుద్ధుందా? సగం మంది ఊళ్లకు పోయి ఉంటారు, ఫోన్ ఎత్తేవాడుండడు, నువ్వొక్కడివే తిండీ నిద్రా లేకుండా ఆ స్క్రీన్ ముందు కూర్చుంటావు. అది తలుచుకుంటేనే నాకు టెన్షన్. మంగళవారం పొద్దున పెట్టుకో.

ఈ ఆదివారం ఇంటికి రా. ఏదైనా తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్లాలో వరసగా కాగితం మీద రాసి పట్టుకురా. ముందు అన్నం తిను, తర్వాత ఒక్కో లైనూ నాకు చదివి వినిపించు.

అత్త