సిబిల్‌లో మైనస్ ఒకటి వచ్చిందని దిగులు పడకు

తిరుపతి, కొర్లగుంట

నాయనా,

బండి షోరూంలో ఫైనాన్స్ అబ్బాయి నీ పాన్ నంబరు కొట్టి చూసి "మైనస్ వన్ వస్తోంది" అన్నాడని, నీ పేరు చెడిపోయిందేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. పేరేమీ చెడలేదు. సిబిల్ అంటే ఎవరు ఏ అప్పు తీసుకున్నారో, ఎలా కట్టారో రాసిపెట్టి, దాన్నిబట్టి రిపోర్టూ స్కోరూ ఇచ్చే సంస్థ. నీ పేరు మీద ఇంకా ఏమీ రాసి లేదు, అంతే. ఇంతవరకు లోను తీసుకోనివాళ్ళకు, క్రెడిట్ కార్డు వాడనివాళ్ళకు మైనస్ ఒకటి అనో, ఎన్‌హెచ్ (నో హిస్టరీ, అంటే చరిత్ర లేదు) అనో చూపిస్తారు. అప్పు ఎగ్గొట్టినవాడికి అలా రాదు. వాడికి 300 నుంచి 900 మధ్యలో నంబరే వస్తుంది, కాకపోతే కింద ఉంటుంది. మొదటిసారి లోను అడిగేవాళ్ళను పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో చెప్పింది కూడా. అలాగని అడిగినవాళ్ళందరికీ ఇచ్చి తీరాలని కాదు. జీతం, ఉద్యోగం, బ్యాంకు ఖాతా నడిచిన తీరు చూసి వాళ్ళు తేల్చుకుంటారు.

నాకు నచ్చనిదల్లా ఆ తర్వాత నువ్వు చేసిన పని. అదే సాయంత్రం ఫోన్‌లో కనబడిన యాప్‌లన్నిటిలో లోనుకు అప్లై చేశావట. నువ్వు అడిగిన ప్రతిచోటా వాళ్ళు నీ రిపోర్టు తెప్పించుకుంటారు, అది 'ఎంక్వైరీ' అని నీ రిపోర్టులోనే పడుతుంది. నేను బ్యాంకులో పనిచేసేటప్పుడు, నాలుగు రోజుల్లో అరడజను ఎంక్వైరీలు కనబడితే మా లోన్ల సెక్షన్‌లో ఏమనుకునేవాళ్ళమో తెలుసా? "ఈ పిల్లోడికి డబ్బు అవసరం బాగా ముంచుకొచ్చింది, ఎక్కడా దొరకడం లేదు కాబోలు" అని. ఇక కొన్ని నెలలు లోనుకు ఎక్కడా అప్లై చేయకు. నీ స్కోరు నువ్వు చూసుకుంటే మాత్రం ఒక్క పాయింటు కూడా తగ్గదు. ఈ రెండిటినీ కలిపేసుకుని తమ రిపోర్టు తాము చూసుకోవడానికే భయపడేవాళ్ళు బ్యాంకు ఉద్యోగుల్లోనే ఉన్నారు!

అందరూ సిబిల్ సిబిల్ అంటారు గానీ, మన దేశంలో ఈ పని చేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2017 నుంచి ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకే రోజు తీసేయకు. మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాది పొడుగునా పైసా ఖర్చు లేకుండా చూసుకున్నట్టే. వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకో. 'ఫ్రీగా స్కోరు చూడండి' అని ఊరించే యాప్‌లలో చాలావాటి ఆశ నీకు లోను అంటగట్టాలనే.

తీశాక పైనున్న నంబరు చూసి మూసేయొద్దు. అసలు సంగతి కింద పేజీల్లో ఉంటుంది. నీ పేరు, పుట్టిన తేదీ, పాన్, చిరునామా సరిగా ఉన్నాయా? నీది కాని లోను ఏదైనా నీ పేరు కింద ఉందా? నువ్వు అడగని ఎంక్వైరీ ఉందా? లోను ఉన్నవాళ్ళకు నెలనెలా ఒక గడి ఉంటుంది, డీపీడీ అంటారు. గడువు దాటి ఎన్ని రోజులైందో అందులో వేస్తారు. మూడు సున్నాలు ఉంటే ఆ నెల టైముకు కట్టినట్టు. మూడేళ్ళ గడులు అలా వరసగా కనబడతాయి. నా ఎదుట రెండు రిపోర్టులు పెడితే నేను నంబర్ల కంటే ముందు ఈ గడులే చూస్తాను.

నీ పని అయ్యాక అమ్మది కూడా తీయి. ఆమె పేరు మీద బంగారం తాకట్టు లోను తీర్చేశారు కదా, అది 'క్లోజ్డ్' అని పడిందో లేదో చూడు. ఇంకా బాకీ చూపిస్తుంటే ఆ సైటులోనే డిస్ప్యూట్ పెట్టొచ్చు, ఫీజు ఉండదు. బ్యాంకూ ఆ సంస్థా కలిసి 30 రోజుల్లో తేల్చాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలు. అప్పటికీ కదలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఎలాగో తెలియకపోతే 14448కి ఫోన్ చెయ్. "ఐదు వేలు ఇవ్వండి, సిబిల్ సరిచేస్తాం" అనేవాళ్ళు నీకూ ఫోన్ చేస్తారు. తప్పుంటే నువ్వే ఉచితంగా దిద్దించుకోవచ్చు, నిజంగా కట్టని బాకీని ఎవడూ చెరపలేడు. మరి ఆ ఐదు వేలు దేనికి?

ఇక చరిత్ర మొదలుపెట్టే సంగతి. మీ అమ్మ పుత్తూరులో ఇన్నేళ్ళు చీటీ కట్టింది, ఒక్క నెల తప్పలేదు. చేబదులు తెస్తే పాల డబ్బులు పడిన రోజే తీర్చేది. ఊళ్ళో ఆమె మాటకు ఎంతైనా ఇస్తారు. కానీ ఊరి చీటీ, చేబదులు, వీధి ఫైనాన్స్ ఏ రిపోర్టులోనూ ఎక్కవు. నువ్వు రేణిగుంట ఫ్యాక్టరీలో ఎంత బుద్ధిగా పనిచేస్తున్నావో కూడా అందులో ఉండదు. రాసిపెట్టేవాళ్ళ దగ్గర చిన్నదొకటి తీసుకుని శుభ్రంగా కట్టాలి, వేరే దారి లేదు.

నీకు నేను చెప్పేది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. జీతం పడే బ్యాంకులోనే అడుగు. డిపాజిట్ వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి చరిత్ర లేనివాళ్ళకూ ఇస్తారు, నీకు దాని మీద వడ్డీ ఎటూ వస్తుంది. కార్డు మీద పెట్రోలు, ఫోన్ రీచార్జి తప్ప ఇంకేమీ వద్దు. లిమిట్‌లో మూడో వంతు కూడా దాటనీయకు. 20,000 లిమిట్ అయితే ఆరు వేల లోపు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపితే లీలామహల్ సెంటర్‌లో టిఫిన్‌కు కూడా స్కాన్ చేసేయొచ్చు. అదే ప్రమాదం, ఎంత పోయిందో నెలాఖరు దాకా తెలియదు. ఆరు నెలలు ఇలా నడిస్తే మైనస్ ఒకటి పోయి నంబరు వస్తుంది. 750 పైన ఉంటే బ్యాంకులు సాధారణంగా సంతోషంగా మాట్లాడతాయి. దాన్ని 800 చేయాలని, 850 చేయాలని తాపత్రయ పడకు.

బిల్లులో రెండు అంకెలుంటాయి, మొత్తం బాకీ, కనీస బాకీ. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు మొత్తం బాకీకే పెట్టు. కనీసం కడితే రిపోర్టులో ఆలస్యమైనట్టు పడదు, నిజమే. కానీ బిల్లు 40,000 వచ్చి 2,000 కట్టావనుకో. మిగతా 38,000 మీద నెలకు మూడున్నర శాతం లెక్కన 1,330 రూపాయలు వడ్డీ, దాని మీద జీఎస్టీ. ఆ బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. మన ఊరి వడ్డీ వ్యాపారిని తిట్టుకుంటాం గానీ, నూటికి మూడున్నర అతను అడిగితే వద్దని వచ్చేస్తాం. ఒకవేళ గడువు మర్చిపోతే మూడు రోజుల లోపు కట్టేసెయ్. కార్డు బాకీ గడువు దాటి మూడు రోజులయ్యాకే ఆలస్యమని పంపాలి. లోను కంతుకు (ఈఎంఐకి) మాత్రం ఆ వెసులుబాటు ఉందనుకోకు.

ఎప్పుడైనా కట్టలేని రోజు వచ్చి, బ్యాంకువాళ్ళు "ఇంత కట్టు, మిగతాది వదిలేస్తాం" అంటే ఎగిరి గంతేయకు. అప్పుడు రిపోర్టులో 'క్లోజ్డ్' అని పడదు, 'సెటిల్డ్' అని పడుతుంది. ఇంటి లోను అడిగిన రోజు మొదట దాని గురించే అడుగుతారు.

ఇంకొకటి, ఇది చెప్పడానికే సగం ఉత్తరం మొదలుపెట్టాను. పాకాల వైపు బంధువు ట్రాక్టరు లోనుకు నిన్ను జామీను సంతకం అడుగుతున్నాడట. సంతకం పెడితే ఆ లోను నీ రిపోర్టులో కూడా కనబడుతుంది. అతను మంచివాడే, కాదనను. కానీ తోతాపురి మామిడి ధర పడిపోయిన ఏడాది మంచివాళ్ళ కంతులే ఆగాయి చిత్తూరు జిల్లాలో. అతని కంతు ఆగితే మచ్చ నీకూ పడుతుంది, బ్యాంకు నిన్నే అడుగుతుంది. మొహమాటంగా ఉంటే "పెద్దమ్మ వద్దంది" అని నా మీద పెట్టేసెయ్. అతని కోపం నేను పడతాను.

ఆరు నెలల తర్వాత బండికి వెళ్ళు. షోరూంవాడు చూపించిన ఫైనాన్స్ ఒక్కటే చూడకుండా నీ జీతం పడే బ్యాంకులో కూడా వడ్డీ కనుక్కో. ముందు మాటలతోనే అడుగు, అప్లికేషన్ ఒక్కచోటే ఇవ్వు. జీతం ఏడో తేదీ పడుతుంది కదా, కంతు పదో తేదీకి పెట్టించుకో, ఐదో తేదీకి ఒప్పుకోకు. లోను తీరిన రోజు బాకీ లేదని ఇచ్చే ఎన్‌ఓసీతో పాటు, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేయమనే ఫారం 35 తీసుకుని ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీ మీది ఫైనాన్స్ పేరు తీయించు. చాలామంది ఇది వదిలేస్తారు, బండి అమ్మేటప్పుడు ఆ కాగితం కోసం తిరుగుతారు.

ఆదివారం సెలవుంటే ఇటు రా. రిపోర్టు ప్రింటు తీసుకునిరా, ఫోన్‌లో ఆ చిన్న అక్షరాలు నాకు కనబడవు. ఆ యాప్‌లు ఏవేవో పేర్లు కూడా రాసుకునిరా, వాటిలో ఏది రిజర్వ్ బ్యాంకు లైసెన్సున్న సంస్థ తరఫున నడుస్తోందో, ఏది కాదో చూద్దాం. అప్పటిదాకా వాటికి ఇచ్చిన కాంటాక్టులు, ఫోటోల పర్మిషన్లు ఈ రాత్రికే తీసేసెయ్.

నీ పెద్దమ్మ