ఫార్మాట్ కొట్టేముందు తీగలు పీకి చూడు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజీలు విన్నాను. పొద్దున్న షాపు తెరిస్తే సిస్టమ్ నల్లతెర మీద ఆగిపోతోంది. మధ్యాహ్నం జనం ఉన్నప్పుడే వేలిముద్ర మెషీన్ మాయమవుతోంది. ప్రింట్ కొడితే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. మెకానిక్కేమో ఫార్మాట్ కొట్టేద్దామంటున్నాడు. కొట్టనివ్వకు. ఫార్మాట్ కొడితే డ్రైవర్లు, ఆర్‌డీ సర్వీసు (వేలిముద్ర మెషీన్‌ని ఆధార్ పనులకి నడిపే సాఫ్ట్‌వేర్), ఒడియా ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి, ఒక రోజు బేరం పోతుంది, మర్నాడు రోగం అలాగే ఉంటుంది. ఈ మూడూ విండోస్‌లో పుట్టిన గొడవల్లా లేవు. నువ్వు వెనకాల తగిలించిన సామాన్లలో వెతకాలి.

రాత్రి షాపు కట్టేశాక మొదలుపెట్టు. షట్‌డౌన్ చేస్తే అంతా ఆరిపోయిందనుకోకు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ డ్రైవర్ల స్థితిని డిస్క్‌లో దాచుకుని పొద్దున్న అదే మళ్లీ లేపుతుంది. రీస్టార్ట్ చేస్తే బాగుపడి, షట్‌డౌన్ చేసి వేస్తే మళ్లీ చెడే సిస్టమ్‌లకి చాలావాటికి ఇదే కారణం. షిఫ్ట్ కీ నొక్కిపెట్టి షట్‌డౌన్ నొక్కు. తర్వాత గోడ ప్లగ్గు తీసి, పవర్ బటన్ని 15 సెకన్లు నొక్కి ఉంచు, మిగిలిన కరెంటు దిగిపోతుంది. అప్పుడు మానిటర్, కీబోర్డు, మౌసు తప్ప అన్నీ పీకెయ్. ఇంటర్నెట్ తీగ, స్పీకర్లు, వెబ్‌క్యామ్, హబ్బు, ఏదీ మిగల్చకు.

ఈ మూడింటితో సిస్టమ్ సాఫీగా లేచి గంటసేపు నడిస్తే కంప్యూటర్ నిర్దోషి. ఇక ఒక్కొక్కటే తగిలించు. పూటకొకటి చాలు, తొందరపడకు. ఒకసారి ఒక్క మార్పే చెయ్యాలి. కేబులూ మార్చి, పోర్టూ మార్చి, డ్రైవరూ మార్చి బాగుపడిందంటే ఏది మందో తెలీదు, వారం తర్వాత తిరగబెడితే మళ్లీ మొదటికే. ఏ పోర్టులో ఏది ఉందో తెల్ల టేపు మీద రాసి అంటించు.

నల్లతెర సంగతి తేలిక. బూట్ డివైస్ దొరకలేదనో, గీత ఒక్కటే మినుకుమినుకుమంటూనో ఆగిందంటే, ముందురోజు ఎవరో మరిచిపోయిన పెన్‌డ్రైవో, కార్డ్ రీడర్‌లో మెమరీ కార్డో ఉందేమో చూడు. బయాస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరుచుకునే సెట్టింగుల్లో, బూట్ వరసలో యూఎస్‌బీ మొదట ఉంటే సిస్టమ్ దాన్నే విండోస్ అనుకుని తడుముకుంటుంది. హార్డ్ డిస్క్‌ని (ఆ వరసలో విండోస్ బూట్ మేనేజర్ అని కనబడితే దాన్ని) మొదటికి తెచ్చి సేవ్ చెయ్. అన్నీ పీకినా అక్కడే ఆగితే అప్పుడు డిస్క్‌ని అనుమానించు.

అసలు పని వేలిముద్ర మెషీన్ దగ్గరుంది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకి ఇచ్చే సుభద్ర పథకం డబ్బులు తీసుకోడానికి, పింఛనుకి వచ్చినవాళ్లు వరసలో నిలబడి ఉండగా అది పోతే నీకు చెమటలు పడతాయి, అర్థమవుతుంది. అయితే అది పోయేది రెండు రకాలుగా. చెవి పెట్టి విను. ఎవరూ ముట్టుకోకుండానే పరికరం ఊడినట్టు, మళ్లీ పెట్టినట్టు విండోస్ సౌండు వస్తుంటే కేబులో, పోర్టో, చాలని కరెంటో. సౌండేమీ రాకుండా బ్రౌజర్లో మాత్రం డివైస్ రెడీగా లేదంటే తీగకి సంబంధం లేదు. సర్వీసెస్ లిస్టులో ఆర్‌డీ సర్వీసు ఆగి ఉంటుంది, రీస్టార్ట్ చెయ్. ఆ సర్వీసు కంప్యూటర్ లోపలే 11100 నుంచి 11120 మధ్య నంబర్ల పోర్టుల్లో (ఇవి తీగ గుచ్చేవి కావు, సాఫ్ట్‌వేర్ దారులు) బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. కొత్త యాంటీవైరస్ వేశాక మొదలైన గొడవైతే దాని ఫైర్‌వాల్ వీటిని ఆపేసిందేమో చూడు.

సౌండు వస్తోందనుకుందాం. నువ్వు మెషీన్‌ని నాలుగు పోర్టుల హబ్బుకి తగిలించావు. అదే హబ్బుకి వెబ్‌క్యామ్ ఉంది, బేరానికి వచ్చినవాళ్ల ఫోన్ల చార్జింగూ అక్కడే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, నీలం నాలుక ఉండే 3.0 పోర్టు 900. సొంత ఎడాప్టర్ లేని హబ్బు ఆ 500నే అందరికీ పంచాలి, లెక్క ప్రకారం ఒక్కో పోర్టుకి వందే. ఒక ఫోను చార్జింగ్‌కి పెడితేనే ఆ లెక్క తప్పుతుంది. వోల్టేజి దిగుతుంది, వేలు పెట్టగానే స్కానర్ లైటు వెలిగి, అదే క్షణంలో పడిపోతుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేస్తూ తిరగలేకపోవడమూ ఈ బాపతే, డిస్క్ చెడిందని పారేసుకోకు.

కాబట్టి వేలిముద్ర మెషీన్‌ని కేబినెట్ వెనక, మదర్‌బోర్డు మీదే ఉన్న పోర్టుకి నేరుగా పెట్టు. ముందువైపు పోర్టులకి లోపల సన్నటి తీగ పోతుంది, అక్కడే వోల్టేజి కొంత జారుతుంది. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో చిన్న యూఎస్‌బీ టెస్టర్ దొరుకుతుంది, వేలెడంత ఉంటుంది. పోర్టుకీ పరికరానికీ మధ్య పెడితే వోల్టులు, ఆంపియర్లు చూపిస్తుంది. మదర్‌బోర్డు పోర్టు దగ్గర 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. పని చేస్తుండగా అంతకంటే దిగితే కేబులు మార్చి చూడు, ఇంకో పోర్టు చూడు. అన్ని పోర్టుల్లోనూ దిగితే ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే కేబినెట్ లోపల కరెంటు అందించే పెట్టె, ముసలిదైపోయి ఉండొచ్చు. హబ్బు తప్పదంటే 5 వోల్టులు, 2 ఆంపియర్ల సొంత ఎడాప్టర్ ఉన్నది కొను. ఫోన్ల చార్జింగ్‌కి గోడకి వేరే చార్జర్ పెట్టు, మొహమాటపడకు.

కాసేపు వాడకపోతేనే మాయమైతే అది వేరే జబ్బు, విండోస్ పొదుపు. డివైస్ మేనేజర్ తెరిచి యూఎస్‌బీ రూట్ హబ్ ఒక్కోదాని పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు పొదుపుకి ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్కు తీసెయ్. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌నీ డిసేబుల్ చెయ్.

ఆ డివైస్ మేనేజర్లోనే పసుపు గుర్తు కనబడితే దాని మీద రెండుసార్లు నొక్కి కోడ్ చదువు. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే పరికరం మొదలవలేదు, ఎక్కువగా డ్రైవర్ తకరారు. 43 అంటే పరికరమే ఏదో తేడా చెప్పింది కాబట్టి విండోస్ ఆపేసింది. దాన్ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడు, అక్కడా 43 అంటే పరికరమో దాని కేబులో పోయినట్టే. ఈ కోడ్ చూడకుండా డ్రైవర్లు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఎక్కించకు, వాటితో వచ్చే చెత్త కడగడం ఇంకా పెద్ద పని.

ప్రింట్ కొడితే రీస్టార్ట్ అవడానికి కారణం లేజర్ ప్రింటర్ని కూడా యూపీఎస్‌కి తగిలించడం. 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. లేజర్ ప్రింటర్లో టోనర్ని కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా అంతకంటే ఎక్కువే లాగుతుంది. యూపీఎస్ కీచుమని చేతులెత్తేస్తుంది, దానితో పాటు కంప్యూటరూ పోతుంది. లేజర్‌ని గోడ సాకెట్‌కే పెట్టు. యూపీఎస్ మీద కేబినెట్, మానిటర్, రౌటర్ చాలు. ఇంక్‌జెట్ ఉన్నా పర్వాలేదు.

ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపించడం మాత్రం నీ చేతిపనే. కేబులు తీసి వేరే పోర్టుకి పెట్టిన ప్రతిసారీ విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని కాపీ 1 అని ఇంకోటి పుట్టించవచ్చు. పాతదానికి పంపిన ప్రింట్లు ఎటూ పోవు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ చూసి, పనిచేసేదాన్ని డిఫాల్ట్ చేసి మిగతావి తీసెయ్. క్యూలో ఒక ఫైలు ఇరుక్కుని డిలీట్ కాకపోతే సర్వీసెస్‌లో ప్రింట్లని వరసలో పెట్టే ప్రింట్ స్పూలర్ ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి లోపలి ఫైళ్లు తుడిచి, స్పూలర్ మళ్లీ స్టార్ట్ చెయ్. ఫోల్డర్ని తీసెయ్యకు. ప్రింటర్ కేబులు 5 మీటర్లు దాటనివ్వకు, యూఎస్‌బీ 2.0కి అదే హద్దు.

చిన్నాచితకావి కొన్ని. వైర్‌లెస్ మౌసు తడబడుతోందంటే దాని బుడిపె నీలం పోర్టు పక్కనే ఉందేమో చూడు. 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి, మౌసూ అక్కడే మాట్లాడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో బుడిపెని దూరం జరుపు. హెల్ప్ పేజీలు వాటంతటవే తెరుచుకుంటుంటే వైరస్ అని హడలకు, ముందు ఎఫ్1 కీ ఇరుక్కుందేమో నొక్కి చూడు. వీజీఏ మానిటర్ పసుపు తిరిగితే నీలం తీగ అందడం లేదు, వంగిన పిన్ను ఉందేమో చూసి సూదిమొన ట్వీజర్‌తో నిదానంగా నిలబెట్టు. మధ్య వరసలో ఒక పిన్ను లేకపోతే కంగారుపడకు, చాలా కేబుళ్లు అలాగే వస్తాయి. హెచ్‌డీఎమ్‌ఐ పెట్టాక స్పీకర్లు మూగబోతే సౌండు మానిటర్‌కి మళ్లింది, గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు దగ్గర స్పీకర్లని మళ్లీ ఎంచుకో. ఫోన్ చార్జ్ అవుతూ ఫైళ్లు కనబడకపోతే కేబుల్లో డేటా తీగలే లేవేమో, చార్జింగ్ కోసం మాత్రమే చేసిన కేబుళ్లు ఉంటాయి.

యూఎస్‌బీ ఓవర్ కరెంట్, 15 సెకన్లలో ఆగిపోతుంది అని తెర మీద వస్తే అదే క్షణం స్విచ్ ఆపు. టార్చి వేసి ప్రతి పోర్టులోకీ చూడు. నాలుక మీది నాలుగు ఇత్తడి రేకుల్లో ఒకటి వంగి పక్కదానికో, చుట్టూ ఉన్న రేకు తొడుగుకో తగిలి ఉంటుంది. నీ షాపులో ఇది జరిగే అవకాశం ఎక్కువే, రోజూ అన్ని పెన్‌డ్రైవులు గుచ్చుతావు కదా. మామూలు యూఎస్‌బీ-ఏ కొనకి కనీసం 1,500 సార్లు పెట్టి తీసే ఆయువు ఇస్తారు, రోజుకి ఇరవై పెన్‌డ్రైవులైతే మూడు నెలల్లో దాటేస్తావు. అందుకే అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబులొకటి శాశ్వతంగా పెట్టి, బయటివాళ్ల పెన్‌డ్రైవులన్నీ దానికే గుచ్చు. అరిగితే కేబులు పోతుంది, మదర్‌బోర్డు మిగులుతుంది.

ఇక ఎర్తు. కేబినెట్ ముట్టుకుంటే చేతికి సన్నగా జిల్లుమంటోందన్నావు. దీన్ని వాయిదా వెయ్యకు. పాత బజారు కొట్లలో మూడు కన్నాల సాకెట్ ఉన్నా మూడో దానికి తీగ ఉండదు. అప్పుడు ప్రింటర్‌కీ కేబినెట్‌కీ మధ్య తేడా యూఎస్‌బీ కేబులు గుండానే పారుతుంది. పోర్టులు ఊరికే పోతున్నాయంటే ఇదీ ఒక కారణం. లేజర్‌ని గోడకి పెట్టమన్నాను కదా, ఆ సాకెట్‌కీ యూపీఎస్ సాకెట్‌కీ ఎర్తు ఒక్కటే అయి ఉండాలి. వైశాఖం గాలివానలు మొదలయ్యేలోపు ఇది తేల్చెయ్. పిడుగులప్పుడు గోడ ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు, పక్కింటి నుంచి వచ్చే రాగి ఇంటర్నెట్ తీగని కూడా రౌటర్ నుంచి లాగెయ్, మదర్‌బోర్డు దాకా అదే దారి.

తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఎంత చూపిస్తోందో మీటరు పెట్టించు. నువ్వు చెయ్యకు. రెండు మూడు వోల్టుల లోపుంటే సరే. పదులు దాటితే కొత్త ఎర్త్ పిట్ తవ్వించాల్సి రావచ్చు, దాని ఖర్చు ఇంటి ఓనరుతో ముందే మాట్లాడుకో. రీడింగ్ ఎంతొచ్చిందో, ఏ పరికరం తగిలించినప్పుడు గొడవ తిరగబెట్టిందో రాసి పంపు.

ఇట్లు,
మీ మావయ్య