సగం అద్దెకు గది ఇచ్చాను, తోడు మాత్రం దొరకలేదు

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. మావారు పోయాక తార్నాకలోని మా ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాను. అబ్బాయి టొరంటోలో ఉద్యోగం. తోడుగా ఉంటుందని ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే అమ్మాయికి సగం అద్దెకే ఒక గది ఇచ్చాను. మొదట్లో కబుర్లు చెప్పేది. ఇప్పుడు లైబ్రరీ నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి తలుపు వేసుకుంటోంది. సంక్రాంతికి ఉండమన్నా ఊరెళ్లిపోయింది. మా అబ్బాయి ఖాళీ చేయించమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తొందరపడి ఖాళీ చేయించకండి. ఆ అమ్మాయి తప్పేమీ నాకు కనిపించలేదు. చదువుకునే పిల్ల లైబ్రరీలో కూర్చుంటుంది, పండక్కి కన్నవాళ్ల దగ్గరికి వెళుతుంది. అలాగని మీ బాధ చిన్నదని అనను. పొద్దుటినుంచీ ఒక మాట కోసం ఎదురుచూసి, రాత్రికి మూసిన తలుపు చూడటం చాలా కష్టం.

అద్దె తగ్గించినందుకు ఆమె ఏం చేయాలో మీరిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చిక్కంతా అక్కడే ఉంది. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో ఒక వృద్ధాశ్రమం విద్యార్థులకు అద్దె లేకుండా గది ఇస్తుంది. బదులుగా వాళ్లు నెలకు 30 గంటలు అక్కడి పెద్దవాళ్లతో గడపాలి. మిగతా సమయం వాళ్లది, ఎవరూ నొచ్చుకోరు. ఫ్రాన్స్‌లో 60 దాటినవారు 30 లోపు వయసువారికి ఇంట్లో గది ఇచ్చే పద్ధతికి 2018లో చట్టమే వచ్చింది. ఇష్టం లేకపోతే నెల ముందు చెప్పి విరమించుకోవచ్చు.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చోండి. ముందు ఆమెకేం ఇబ్బందిగా ఉందో అడిగి, అడ్డుపడకుండా వినండి. తర్వాత మీకేం కావాలో చెప్పండి: వారంలో రెండు రాత్రులు కలిసి భోజనం, పది దాటితే ఒక ఫోను, ఊరెళ్లేముందు ఒక మాట. అంతకుమించి వద్దు. వంటా ఇంటిపనీ అసలు అడగవద్దు, ఆమె పనిమనిషి కాదు. ఇవీ కుదరవంటే పూర్తి అద్దె కట్టి ఉండే వీలు ఇవ్వండి. ఒప్పుకున్నవన్నీ 11 నెలల అద్దె ఒప్పందంలో రాసుకోండి. అద్దెకున్నవారి వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడం మరచిపోవద్దు. ఆమె తల్లిదండ్రుల నంబరు మీ దగ్గర, మీ అబ్బాయి నంబరు ఆమె దగ్గర ఉండాలి.

మీ అబ్బాయితో కూడా ఒక మాట చెప్పండి. అర్ధరాత్రి మీకు నలతగా ఉంటే చూసుకునే భారమంతా చదువుకునే పిల్లపై పెట్టడం న్యాయం కాదు. నమ్మకమైన పొరుగువారికి ఒక తాళంచెవి ఇవ్వండి. వృద్ధుల సహాయవాణి 14567 నంబరు ఫోను పక్కనే రాసి ఉంచండి. అబ్బాయిని రోజూ ఒక వేళకు ఫోను చేయమనండి, అడగడానికి మొహమాటపడకండి.

ఇంత చేశాక కూడా మీ ఇద్దరికీ పొసగకపోతే నెల గడువిచ్చి వేరే గది చూసుకోమనవచ్చు. పరీక్షలు అయ్యేదాకా మాత్రం ఆ మాట ఎత్తకండి.