గ్లాసులో నీళ్లు ఎక్కడివో చూడు

అమ్మాయీ,

చెరువు మట్టికట్ట పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పొరలు పలచగా వేయించు, తడి చూసి రోలరు తిప్పించు, అలుగు ఇరుకు చెయ్యకు. ఇవి నీకు తెలిసినవే. నా భయమంతా మట్టిలోని సోడియం గురించి.

నీ వయసులో నేను కట్టించిన మొదటి కట్టకి నున్నటి బంకమట్టి దొరికింది. జల్లెడ పరీక్ష, ప్లాస్టిసిటీ (తడిపితే ముద్దయ్యే గుణం) అన్నీ బాగున్నాయి. "ఇది వానకి పాలలా కరిగిపోతుందండీ" అన్నాడు మేస్త్రీ. చదువుకున్నవాణ్ణి కదా, అందరి ముందూ ఒక మట్టిగడ్డ గ్లాసులో వేశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. నవ్వాను కూడా. ఆ నీళ్లు పక్కనున్న ఉప్పుబావివి. ఆ ఉప్పే రేణువుల్ని విడిపోనివ్వలేదు. కట్టకి తగిలేది వాననీరాయె! ఉప్పులేని నీరు తగిలితే సోడియం పట్టిన బంక రేణువులు ఒకదాన్నొకటి తోసుకుని వాటంతటవే విడిపోతాయి. వాటిని కోయడానికి వడి అక్కర్లేదు, సన్నటి నెర్రె చాలు. మొదటిసారి నిండినప్పుడే, రోలరు చేరని తూము గొట్టం వెంబడి బురద ఊట మొదలైంది. మధ్యాహ్నం వేలు పట్టే బుంగ, పొద్దుగూకేసరికి మనిషి దూరేంత అయింది. రాత్రి గండి. కింద ఇళ్లు లేవు కాబట్టి సరిపోయింది, అందులో నా గొప్పేమీ లేదు. ఆ మేస్త్రీకి మళ్లీ మొహం చూపించలేదు.

కాబట్టి డిస్టిల్డ్ వాటరే వాడు. కలపకుండా గంటసేపు చూడు, గడ్డ చుట్టూ పొగలా తెల్లదనం లేస్తే ఆ మట్టి చెడ్డది. తేటగా ఉన్నా పూర్తిగా నమ్మకు. 1 మి.మీ. రంధ్రం గుండా నీరు పంపే పిన్‌హోల్ పరీక్ష, బంక దానంతటదే ఎంత విడిపోతుందో కొలిచే డబుల్ హైడ్రోమీటరు పరీక్ష ల్యాబులో చేయించు. ఒక్క గుంట మట్టితో సరిపెట్టావో, ఊరుకోను! నాలుగడుగుల దూరంలోనే గుణం మారిపోవచ్చు.

ఆ మట్టి తప్పకపోతే సున్నమో జిప్సమో కలపాలి. కాల్షియం వచ్చి సోడియాన్ని తప్పిస్తుంది. పాళ్లు ల్యాబు చెప్పాలి, కాంట్రాక్టరు కాదు. గొట్టం దిగువ భాగం చుట్టూ సన్న ఇసుక ఫిల్టరు తప్పనిసరి. దండగ ఖర్చంటారు, వినకు తల్లీ.

మొదటిసారి నెమ్మదిగా నింపు. ఆ రోజు నేనొస్తాను. మోకాళ్ల నొప్పులని మీ అమ్మ ఆపబోతుంది, ఆగను. గాజుగ్లాసు పట్టుకుని ఊట దగ్గరే కూర్చుంటాను.

మావయ్య