డ్రమ్ములోంచి చిన్న సీసాలోకి వంపినా లేబుల్ అంటించాలా?

గాజువాక ఆటోనగర్‌లో చిన్న యూనిట్లో స్టోర్స్‌లో కొత్తగా చేరానన్నారు. డ్రమ్ములకు లేబుళ్లున్నాయి గానీ వాటిలోంచి వంపుకునే క్యాన్లకు, సీసాలకు ఏమీ లేవు, అడిగితే "అందరికీ తెలుసులే" అంటున్నారు, ఇదీ కదా మీ ప్రశ్న. అంటించాలండి. డ్రమ్ము కన్నా ముందు ఆ సీసాకే కావాలి లేబుల్.

పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు చేశాను. ఒకరోజు సెకండ్ షిఫ్టులో ఎవరో లీటరు నీళ్ల సీసాలో కాస్టిక్ లై (కాస్టిక్ సోడా కలిపిన ద్రావణం) పట్టి వాష్‌బేసిన్ పక్కన పెట్టి వెళ్లారు. చూడ్డానికి అచ్చం నీళ్లే. ఒడిశా నుంచి వచ్చి నాలుగు రోజులైన హెల్పర్ కుర్రాడు, బేసిన్ కుళాయిలో నీళ్లు రావట్లేదని ఆ సీసా ఎత్తి చేతులు కడుక్కున్నాడు. యాసిడ్ అయితే వెంటనే చురుక్కుమంటుంది, కాస్టిక్ అలా కాదు, చర్మంలో కొవ్వుని సబ్బులా మార్చేస్తుంది కాబట్టి ముందు జారుడుగానే ఉంటుంది, అందుకని మురికి పోతోందనుకుని ఇంకా రుద్దాడు. నేను చూసేసరికి వేళ్ల సందుల్లో తోలు తెల్లగా ఉబ్బిపోయింది. ఎవరో నిమ్మకాయ పిండమన్నారు. అలాంటివి అస్సలు చేయకండి, ఆ రెండూ కలిస్తే వేడి పుట్టి ఇంకా కాలుతుంది. సేఫ్టీ షవర్ కింద అరగంట నిలబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. చేతులు మామూలు కావడానికి రెండు నెలలు పట్టింది.

"అందరికీ తెలుసు" అన్నప్పుడు ఆ అందరిలో వాడు లేడండి.

ముందు లేబుల్ అంటించి, తర్వాతే వంపండి. మూతకి వద్దు, మూతలు మారిపోతాయి, సీసా ఒంటికే అంటించండి. మామూలు మార్కర్ రాత మీద అసిటోన్ చుక్క పడితే చెరిగిపోతుంది, మన సముద్రపు గాలికి కాగితం ఊడొస్తుంది, అందుకే పైన వెడల్పు టేపు వేయండి, లేదా ట్యాగ్ కట్టండి. పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరు, గాఢత, తగిలితే ఏమవుతుంది, వంపిన తేదీ రాయండి. తెలుగుతో పాటు అక్కడ పనిచేసేవాళ్ల భాషలో కూడా. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు మాత్రం లేబుల్ ఉన్నా సరే వాడొద్దు.

లేబుల్ మీద ప్రమాదాన్ని సూచించే ఎర్ర అంచు డైమండ్ బొమ్మలు వేస్తే చాలనుకోకండి. చేతి మీద చుక్కలు పడే బొమ్మ, అదే ఒళ్లు కాల్చేవాటికి వేసేది, దాన్ని చూపించి ఇదేంటని అడిగితే మా దగ్గర ఒకాయన "చేతులు కడుక్కోమని" అన్నాడు. అప్పట్నుంచి ఒక్కో బొమ్మ చూపించి వాళ్ల నోటితోనే చెప్పించేవాణ్ణి.

సప్లయర్‌ని సేఫ్టీ డేటా షీట్లు, అంటే ఒక్కో కెమికల్‌తో ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే పత్రాలు, అడగండి. మొత్తం 16 భాగాలుంటాయి, ముందు 4 (ప్రథమ చికిత్స), 6 (ఒలికితే ఏం చేయాలి), 8 (గ్లౌజులు, మాస్కులు) చదవండి. ఫైలు మేనేజర్ బీరువాలో కాదు, షాప్‌ఫ్లోర్‌లో ఉండాలి. ఓనరు వినకపోతే, ప్రమాదకర రసాయనం ఉన్న ప్రతి పాత్ర మీదా లోపల ఏముందో స్పష్టంగా తెలిసేలా లేబుల్ ఉండాలని ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతులపై 1989 నాటి కేంద్ర నియమాల్లోనే (MSIHC రూల్స్), 17వ నియమంలో, ఉందని చూపించండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే కెమికల్ ఆవిరికి 12 మంది పోయారు, ఆ వాసన ఏమిటో, ఎటు వెళ్లాలో తెలియక జనం ఎంత అల్లాడారో విశాఖలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

మీ దగ్గర ఏయే కెమికల్స్ వంపుతారో పేర్లు పెట్టండి, వాటి లేబుళ్ల మీద తెలుగులో ఏం రాయాలో చెప్తాను.